మైకు కన్నా ముందు ఎర్తింగ్

ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే గాయకుడు స్టూడియో గడప తొక్కాల్సిందే. మైకు ఎక్కడ నిలబెట్టాలో, ఏ తీగ దేనికి కలపాలో చూసుకోవడానికి అక్కడ వేరే మనుషులుండేవారు. ఆకాశవాణి కేంద్రాల్లో ఆ పనికి ఇంజినీరింగ్ సిబ్బందే ప్రత్యేకంగా ఉండేవారు. ఇప్పుడు పాడేవారు, తీగలు కలిపేవారు, రికార్డు చేసేవారు చాలాసార్లు ఒక్కరే. పడకగదిలో కూర్చుని కథలు చదివి పాడ్‌కాస్ట్‌గా పెట్టేవారు, వీణ పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే టీచర్లు, ఊళ్లో పెద్దవాళ్ల నోట మిగిలిన జానపద గీతాలను దాచిపెట్టాలనుకునే కుర్రవాళ్లు, గుడిలో ప్రవచనాన్ని రికార్డు చేసి దూరదేశంలో ఉన్న పిల్లలకు పంపే పెద్దలు, అందరూ మైకులు కొంటున్నారు. ఇది సంతోషించాల్సిన మార్పు. కాకపోతే ఒకనాడు స్టూడియోలో నలుగురు పంచుకున్న బాధ్యత ఇప్పుడు ఒక్కరి మీద పడింది. ఆ ఒక్కరికి పాడటం తెలుసు, మాట్లాడటం తెలుసు, ఫోను వాడటం తెలుసు. తీగల సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

కొత్తవారికి సాధారణంగా దొరికే సలహాలను ఒకచోట పెట్టి చూస్తే వాటి వరుసే తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మైకు కేబుల్ గుండా పంపే ఫాంటమ్ పవర్ ఆన్ చేస్తే మైకు కాలిపోతుందన్న హెచ్చరిక అన్నిటికన్నా ముందు వినిపిస్తుంది. ఏ మైకు కొనాలన్న చర్చ ఆ తర్వాత చాలాసేపు సాగుతుంది. గోడలోని ప్లగ్గు పాయింటుకు ఎర్త్ ఉందా లేదా అన్న ప్రశ్న చివర్లో ఒక్క వాక్యంగా వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నిజానికి ప్రమాదాల వరుస ఇలా ఉండాలి: మొదట ప్రాణం, తర్వాత చెవులు, తర్వాత పరికరం, చివర ధ్వని నాణ్యత. ఈ నాలుగింటికీ విడివిడిగా నాలుగు శాస్త్రాలు చదవనక్కర్లేదు. ఏ తీగను కలపబోతున్నా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇందులో ఎంత వోల్టేజీ ఉంది? అది ఎటు నుంచి ఎటు వెళుతోంది? తిరిగి వెళ్లే దారి ఎక్కడుంది? ఈ మూడింటికీ జవాబు తెలిసినవాళ్లు పరికరాన్ని పాడుచేసుకోవడం అరుదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఇంకా అరుదు.

ప్రాణం సంగతి ముందు చూద్దాం. మైకు పట్టుకుని షాక్ కొట్టి చనిపోవడం కల్పిత భయం కాదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీద, సరైన ఎర్తింగ్ లేని మైకును పట్టుకోవడంతో కరెంటు షాక్‌కు బలయ్యాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లోనే, ఎర్త్ సరిగా లేని గిటారు వాయిస్తూ చనిపోయాడు. 1965లో అమెరికాలోని శాక్రమెంటో వేదిక మీద రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తన వాయిద్యం మైకు స్టాండుకు తగలడంతో స్పృహ తప్పి పడిపోయాడు. అతను బతికాడు. ముగ్గురూ వృత్తి కళాకారులే, పరికరాలతో రోజూ మెలిగినవాళ్లే. ఈ ప్రమాదాలకు మూలం ఒక్కటే. మైకు జాలీ లోహం, దాని ఒళ్లు లోహం. అవి కేబుల్ షీల్డు ద్వారా మిక్సర్ డబ్బాకు, అక్కడి నుంచి గోడలోని ఎర్త్‌కు కలిసి ఉంటాయి. గిటారు తీగలు కూడా అలాగే యాంప్లిఫయర్ డబ్బాకు కలిసి ఉంటాయి. ఈ రెంటిలో ఒకదానికి ఎర్త్ తెగిపోయి, లోపల ఫేజు తీగ డబ్బాకు తగులుకుంటే, ఒక చేతిలో వాయిద్యం, పెదవుల దగ్గర మైకు పెట్టుకున్న మనిషే రెంటినీ కలిపే తీగ అవుతాడు. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. మనిషి ఒంటి నిరోధాన్ని సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పారతాయి. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టమవుతుంది. ముప్పై దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

మన ఇళ్ల సంగతికి వస్తే ఈ ప్రమాదానికి దారులు బాగానే ఉన్నాయి. త్రీ పిన్ సాకెట్‌లో పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్త్‌ది. ఆ పిన్నును మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా చేసింది అది అన్నిటికన్నా ముందు తగిలి, అన్నిటికన్నా చివర ఊడాలనే. చాలా పాత ఇళ్లలో ఆ రంధ్రం వెనక తీగే ఉండదు. ఉన్నా, పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఏళ్ల తరబడి నీళ్లు లేక ఎండిపోయి ఉంటుంది. టూ పిన్ ప్లగ్గు దూరడం లేదని ఎర్త్ రంధ్రంలో పెన్ను గుచ్చి షట్టరు తెరిచే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కొన్నిటికి మూడు రంధ్రాలుంటాయి కానీ లోపల తీగలు రెండే. కాబట్టి మైకు సెట్టు కొనకముందు చేయాల్సిన పని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రికార్డింగ్ చేయబోయే గదిలోని సాకెట్‌ను పరీక్ష చేయించడం. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య మీటరు పెడితే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య చూపినంతే చూపాలి. మీటరు ఒక్కటే చాలదు. ఎండిన ఎర్త్ కూడా మీటరుకు మంచిదిగానే కనిపిస్తుంది, బరువు మోయమంటే మోయలేదు. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య వంద వాట్ల పాతకాలపు బల్బు కలిపి చూస్తాడు. అది నిండుగా వెలగాలి. కరెంటు లీకైతే సప్లయి ఆపే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉంటే బల్బు వెలగకుండా అది ట్రిప్ అవుతుంది, అదీ మంచి కబురే. ఇది ఎవరికి వారు చేసుకునే పరీక్ష కాదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. మొదటిది: ఎర్త్ కలిపితేనే స్పీకర్లలో గుయ్యిమని హమ్ వస్తోంది, ఎర్త్ పిన్ను తీసేస్తే పోతోంది కదా అని. ఇందులోని మొదటి సగం నిజమే. రెండు పరికరాలు రెండు వేర్వేరు సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకుంటూ, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డుతో కూడా కలిస్తే ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో 50 హెర్ట్‌జ్ కరెంటు సన్నగా పారి హమ్‌గా వినిపిస్తుంది. అయితే మందు మాత్రం తప్పు. ఎర్త్ పిన్ను విరగ్గొడితే పరికరం ఎర్త్ వెతుక్కుంటూ ఆడియో కేబుల్ మీదుగా రెండో పరికరానికి వెళుతుంది. అది తెగిన రోజు మనిషి మీదుగా వెళుతుంది. హమ్ పోవడానికి ప్రాణహాని లేని మార్గాలు నాలుగున్నాయి. మొదటిది, అన్ని పరికరాలనూ ఒకే సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపాలి. ఇంటి రికార్డింగ్ పరికరాల లోడు చాలా తక్కువ, ఒక్క ఆరు ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. రెండోది, వీలైన చోటల్లా సిగ్నల్‌ను రెండు తీగల్లో మోసే బ్యాలన్స్‌డ్ కేబుళ్లు వాడాలి. మూడోది, వాయిద్యానికి, మిక్సర్‌కు మధ్య సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ పెట్టి దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి. ఆ స్విచ్ సిగ్నల్ తీగలోని గ్రౌండ్‌నే వేరుచేస్తుంది, గోడలోని ఎర్త్‌ను తాకదు. నాలుగోది అన్నిటికన్నా తేలిక: రికార్డింగ్ జరిగినంతసేపు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపడం.

రెండో అభ్యంతరం: ఇన్నేళ్లుగా టూ పిన్ తోనే నడుస్తోంది, ఏమీ కాలేదు కదా అని. ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. ప్రాణం పోవాలంటే ఒకేసారి రెండు తప్పులు జరగాలి. ఎర్త్ లేకపోవాలి, ఫేజు తీగ డబ్బాకు తగలాలి. మొదటి తప్పు మన ఇంట్లో ఏళ్ల తరబడి మౌనంగా కూర్చుని రెండోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దాని ఆనవాలు కూడా మనకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి రాస్తే చిమచిమలాడటం చాలామందికి తెలిసిన విషయం. టూ పిన్ ఛార్జర్లలో రేడియో రొదను అణచడానికి పెట్టే చిన్న కెపాసిటర్ గుండా కొద్దిపాటి కరెంటు లీకై అలా తెలుస్తుంది. మీటరు పెడితే వంద వోల్టుల దాకా చూపించవచ్చు కానీ పారే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే, అది చంపదు. అయితే ఆ ఒంటికి ఎర్త్ లేదన్న సంగతిని అదే చెబుతోంది. నాసిరకం ఛార్జర్ లోపల ఇన్సులేషన్ చెడితే అదే దారిలో పూర్తి కరెంటు వస్తుంది. ఈ రెండో తప్పుకు అడ్డుపడేది ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది క్షణంలో సప్లయి కట్ చేస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెంటినీ ఒకేసారి పట్టుకున్నవారిని అదీ కాపాడలేదు గనుక ఎర్తింగ్‌కు అది తోడు మాత్రమే, బదులు కాదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడటం మరిచిపోకూడదు.

ఇప్పుడు అందరూ భయపడే ఫాంటమ్ పవర్ దగ్గరికి వద్దాం. డైనమిక్ మైకులో పల్చటి పొరకు అంటిన చిన్న తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి తనంత తానే కరెంటు పుట్టిస్తుంది. కండెన్సర్ మైకు అలా కాదు. దాని పొర, వెనక రేకు కలిసి కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఆ బలహీనమైన సిగ్నల్‌ను కేబుల్ మోయగలిగేలా చేసే సర్క్యూట్‌కు బయటి నుంచి విద్యుత్తు కావాలి. దాన్ని మైకు కేబుల్ మీదుగానే పంపడమే ఫాంటమ్ పవర్. 1966లో జర్మనీకి చెందిన నోయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం ట్రాన్సిస్టర్ మైకులు తయారు చేసినప్పుడు, అక్కడ అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉండటంతో మైకులకూ దాన్నే వాడుకున్నారు. అదే నేటి ప్రమాణమైంది. మైకును కలిపే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో రెండో పిన్నుకు, మూడో పిన్నుకు సమానంగా 48 వోల్టులు వెళతాయి, ఒకటో పిన్ను మీదుగా తిరిగి వస్తాయి. రెండు పిన్నుల మధ్య తేడా లేదు గనుక వాటి మధ్య కలిసున్న డైనమిక్ మైకు తీగచుట్టలో కరెంటు పారదు. కేబుల్ బాగుంటే ఫాంటమ్ ఆన్‌లో ఉన్నా డైనమిక్ మైకుకు ఏమీ కాదు. మనిషికీ ప్రమాదం లేదు. ఒక్కో పిన్నుకు ముందు 6.8 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఒక్కో తీగను నేరుగా షార్ట్ చేసినా పారేది సుమారు ఏడు మిల్లీ ఆంపియర్లే, పొడి చర్మం గుండా అందులో చిన్న వంతే పారుతుంది. గోడలోని 230 వోల్టులను వదిలి ఈ 48 వోల్టులకు భయపడటం అందుకే తప్పు వరుస అంటున్నాను.

అలాగని ఫాంటమ్‌తో నిర్లక్ష్యం తగదు. పాత రిబ్బన్ మైకులో ఉండేది కొన్ని మైక్రాన్ల మందం అల్యూమినియం పట్టీ. కేబుల్‌లో ఒక తీగ తెగో, షీల్డుకు తగిలో ఉంటే రెండు పిన్నుల సమానత్వం పోయి, ఒక్క విసురుకు ఆ పట్టీ సాగిపోతుంది. ఇక్కడ ప్లగ్గు ఆకారానికి కూడా పాత్ర ఉంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో మూడు పిన్నులు వేటి గూటిలోకి అవి నేరుగా వెళతాయి, చాలా సాకెట్లలో గ్రౌండ్ పిన్నే ముందు తగిలే ఏర్పాటు కూడా ఉంటుంది. పావు అంగుళం జాక్ సంగతి వేరు. దాని కొన, మధ్య వలయం, మొదలు మూడూ ఒకే కడ్డీ మీద ఉంటాయి. లోపలికి దూరుతున్నప్పుడు కొన మిగతా రెండు కాంటాక్టులనూ రాసుకుంటూ వెళుతుంది, అంటే ఒక్క క్షణం అన్నీ షార్ట్ అవుతాయి. అందుకే ఫాంటమ్ ఉన్న దారిలో జాక్‌లతో పని చేయకూడదు. మైకు ఇన్‌పుట్ లోపల 48 వోల్టులను ఆపే కెపాసిటర్లు నిండి ఉంటాయి. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా ఇన్‌పుట్ షార్ట్ అయితే అవి ఒక్కసారిగా ఖాళీ అయి ఆంపియర్ల కొద్దీ కరెంటును, మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ మీదికి విసురుతాయి. అమెరికాలోని థాట్ కార్పొరేషన్ ఇంజినీర్లు 2001లో, మళ్లీ 2009లో దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి పద్ధతి ఇది: గెయిన్ పూర్తిగా తగ్గించి, స్పీకర్లు మ్యూట్ చేసి, మైకు కలిపి, ఆ తర్వాతే ఫాంటమ్ ఆన్ చేయాలి. తీసేటప్పుడు ముందు ఫాంటమ్ ఆఫ్ చేసి, ఓ నిమిషం ఆగి, అప్పుడు కేబుల్ లాగాలి.

పరికరాలు పాడవడానికి ఫాంటమ్ కన్నా పెద్ద కారణం మరొకటుంది. ఒకే ఆకారం జాక్‌లో వేల రెట్లు తేడా ఉన్న వోల్టేజీలు ప్రయాణిస్తాయి. లోకమంతా వాడే షూర్ ఎస్‌ఎం58 మైకు 94 డెసిబెల్‌ల శబ్దానికి ఇచ్చేది రెండు మిల్లీ వోల్టులకు కొంచెం తక్కువ. మిక్సర్ లైన్ అవుట్ నుంచి వచ్చేది ఒక వోల్టు పైచిలుకు. వంద వాట్ల యాంప్లిఫయర్ ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు పంపేది 28 వోల్టులు. అంటే మైకుకు, స్పీకరుకు మధ్య తేడా పద్నాలుగు వేల రెట్లకు పైనే. గుళ్లలో, పాఠశాలల్లో వాడే మైకు సెట్టు యాంప్లిఫయర్ల వెనక వీటికి తోడు 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసిన స్క్రూలు కూడా ఉంటాయి. దూరంగా చెట్లకు, స్తంభాలకు కట్టిన హారన్ స్పీకర్ల కోసం అవి. ప్రవచనం రికార్డు చేసుకోవాలని వాటిలోంచి రెండు తీగలు లాగి రికార్డరు మైకు సాకెట్‌లో పెడితే రికార్డరు ఆ పూటతో సరి. అదే డబ్బా మీద లైన్ అవుట్ అని వేరే సాకెట్ ఉంటుంది. అక్కడి నుంచి తీసి, రికార్డరులో లైన్ ఇన్ లో పెట్టాలి. రికార్డరుకు మైకు ఇన్‌పుట్ ఒక్కటే ఉంటే మధ్యలో సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ ఉన్న కేబుల్ పెట్టాలి. ఏది ఎటు వెళుతోందో ఎక్స్‌ఎల్‌ఆర్‌లో తెలుసుకోవడం తేలిక. పిన్నులు బయటికి కనిపించే వైపు నుంచి సిగ్నల్ బయటికి వస్తుంది, రంధ్రాలున్న వైపు లోపలికి పుచ్చుకుంటుంది. జాక్‌లో ఆ గుర్తు లేదు గనుక సాకెట్ మీది అక్షరాలు చదవకుండా ఏదీ గుచ్చకూడదు.

చిన్న జాక్, అంటే ఫోనుకు, కెమెరాకు వాడే మూడున్నర మిల్లీమీటర్లది, ఇంకా ఎక్కువ తికమక పెడుతుంది. రెండు నల్ల గీతలుంటే మూడు భాగాలు, మూడు గీతలుంటే నాలుగు భాగాలు. ఫోనుకు నాలుగు భాగాల జాక్ కావాలి, కెమెరాకు మూడు భాగాలది. చొక్కాకు తగిలించే కాలర్ మైకు కెమెరాలో పనిచేసి ఫోనులో మూగబోయిందంటే మైకు చెడిపోయినట్టు కాదు, జాక్ మారాలి. ఆ చిన్న మైకులు నడిచేది మూడు నుంచి ఐదు వోల్టుల మీద. వాటిని 48 వోల్టుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌కు కలపాలంటే వోల్టేజీని దించే అడాప్టరే వాడాలి. కేవలం ఆకారం మార్చే అడాప్టర్ పెట్టి ఫాంటమ్ ఆన్ చేస్తే మైకు లోపలి ట్రాన్సిస్టరు కాలిపోతుంది. మరో చిక్కు కూడా తరచూ ఎదురవుతుంది. ఫోను హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చే స్టీరియో తీగను మిక్సర్‌లోని బ్యాలన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడితే శ్రుతిపెట్టె, తాళం ఎంతో కొంత వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం మాయమవుతుంది. బ్యాలన్స్‌డ్ ఇన్‌పుట్ చేసే పనే రెండు తీగల మధ్య తేడాను తీసుకోవడం. ఎడమ, కుడి రెంటిలోనూ సమానంగా ఉన్న గొంతు ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే సున్నా అవుతుంది. పరికరంలో లోపం లేదు, జాక్ పట్టినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు.

వరుసలో పరికరం కన్నా ముందుండాల్సిన చెవుల గురించి జాగ్రత్త చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. మైకు ఊడదీసినప్పుడు, ఫాంటమ్ ఆన్ చేసినప్పుడు వచ్చే టప్‌మన్న శబ్దం హెడ్‌ఫోన్ పెట్టుకున్న చెవికి నేరుగా తగులుతుంది. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకముందే వాల్యూమ్ సున్నాకు తిప్పి, ఆ తర్వాత మెల్లగా పెంచుకోవాలి. స్పీకర్లను అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆఫ్ చేయాలి. ఈ ఒక్క నియమం స్పీకర్లనూ, చెవులనూ కలిపి కాపాడుతుంది. రికార్డు చేస్తూ వినడానికి స్పీకర్లు కాక హెడ్‌ఫోనే వాడాలి, లేకపోతే మైకు తన గొంతును తానే విని కూత పెడుతుంది. శబ్దం ఎంతసేపన్నది కూడా లెక్కే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లు రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి మూడు డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. వంద డెసిబెల్‌ల దగ్గర అది పావుగంటే. రాత్రంతా హెడ్‌ఫోన్‌తో మిక్సింగ్ చేసే కుర్రవాళ్లు ఈ లెక్కను గోడకు రాసి పెట్టుకోవాలి. కాలిన మైకు మళ్లీ కొనుక్కోవచ్చు. లోపలి చెవిలో చనిపోయిన రోమకణాలు తిరిగి పుట్టవు.

ధ్వని నాణ్యత చివరిదన్నాను గనుక క్లుప్తంగా చెబుతాను. గెయిన్‌ను గట్టిగా పాడే చోట చూసి పెట్టాలి. రికార్డరు మీటరులో శిఖరాలు సున్నాకు పన్నెండు డెసిబెల్‌ల కింద ఉంటే చాలు. 24 బిట్ రికార్డింగ్‌లో కింద బోలెడంత చోటుంది, తర్వాత పెంచుకోవచ్చు. సున్నాను దాటి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. కొత్తగా వచ్చిన 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లతో ఈ బెంగ లేదని అంటారు. అది చాలావరకు నిజమే కానీ మైకులోనే గొంతు పగిలితే, లేదా రికార్డరుకు ముందున్న మిక్సర్‌లో పగిలితే రికార్డరు ఆ పగుళ్లనే నమ్మకంగా రాస్తుంది. పైగా ఎన్ని బిట్లున్నా తప్పు సాకెట్‌లో పెట్టిన స్పీకర్ తీగ నుంచి రికార్డరును కాపాడలేవు.

ఇంత తతంగం ఎందుకు, యూఎస్‌బీ మైకు కొంటే ఒకే తీగతో పని అయిపోతుంది కదా అన్నది మరో బలమైన వాదన. దీన్ని నేను సగానికి పైగా ఒప్పుకుంటాను. ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్ట్‌కు, పాఠాలకు యూఎస్‌బీ మైకు మంచి ఎంపిక. అందులో ఐదు వోల్టులే ఉంటాయి, ఫాంటమ్ గొడవ లేదు, తప్పు సాకెట్‌లో పెట్టే అవకాశం తక్కువ. బ్యాటరీతో నడిచే చేతి రికార్డరు ఇంకా క్షేమం, గోడతో దానికి సంబంధమే లేదు. జానపద గీతాలు సేకరించడానికి ఊళ్లు తిరిగేవారికి నేను మొదట సూచించేది అదే. కానీ యూఎస్‌బీ మైకు లోహపు ఒళ్లు కూడా ల్యాప్‌టాప్ ఒంటికి కలిసే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండి గోడలో ఎర్త్ లేకపోతే ఇందాకటి చిమచిమలు పెదవుల దాకా వస్తాయి, హమ్ రికార్డింగ్‌లో వినిపిస్తుంది. రెండో మనిషి, మృదంగం, వీణ పికప్ వచ్చి చేరిన రోజున ఎలాగూ మిక్సర్ కావాలి. ఫంక్షన్‌కు వెళ్లిన రోజున జనరేటర్, టెంటు, వాన, పొడుగాటి ఎక్స్‌టెన్షన్లు ఎదురవుతాయి. తీగ ఒక్కటైనంత మాత్రాన మూడు ప్రశ్నలు తప్పిపోవు.

చివరిగా, ఇలా షాకులు, మరణాలు చెబితే కొత్తవారు భయపడి మైకు జోలికే రారన్న ఆందోళన కూడా ఉంది. నా ఉద్దేశంలో జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. దేనికి భయపడాలో తెలియనివాళ్లే అన్నిటికీ భయపడతారు. డైనమిక్ మైకు కలిపి ఉండగా ఫాంటమ్ బటన్ చెయ్యి తగిలి ఆన్ అయిందని కంగారుపడేవారు, అదే గదిలో ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నిశ్చింతగా కాలు పెట్టుకుని కూర్చుంటారు. ప్రమాదాల వరుస సరిగా తెలిస్తే మిగతా భయాలు వాటంతటవే సద్దుమణుగుతాయి. ఖర్చు గురించి కూడా బెంగ అక్కర్లేదు. సాకెట్ పరీక్షకు, మంచి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు, ఆర్‌సీసీబీకి కలిపి అయ్యేది చాలామంది ఒక కండెన్సర్ మైకు మీద పెట్టే డబ్బుకన్నా ఎక్కువేమీ కాదు. ఆ ఖర్చు ఫలితం మైకుతో ఆగదు. ఫ్రిజ్జుకు, గీజరుకు, ఇంట్లో తిరిగే పసిపిల్లలకు కూడా అదే రక్ష.

కాబట్టి పరికరాలు అమ్మే దుకాణదారులకు ఒక మాట. మైకుతో పాటు ఏ సాకెట్ దేనికో చెప్పే తెలుగు కాగితం ఒకటి చేతిలో పెట్టండి. సంగీతం, రికార్డింగ్ నేర్పే టీచర్లు మొదటి పాఠం ఎర్తింగ్‌తో, రెండో పాఠం సాకెట్లను చదవడంతో మొదలుపెట్టాలి. మైకుల రకాలు మూడో పాఠానికి ఆగగలవు. కొత్తగా మైకు కొనబోతున్నవారు ఆర్డరు పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసి, గదిలోని సాకెట్‌ను బల్బు పెట్టి పరీక్షించమనండి. మైకు వారం ఆలస్యంగా వచ్చినా పాటకు వచ్చే నష్టమేమీ లేదు.